ఉదయగిరి దుర్గం మీద సూర్యోదయం: గైడ్‌తో వెళ్లాలా? నాయన్ని తీసుకెళ్లొచ్చా?

దర్గామిట్ట టీచర్:

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు. ఈ సంక్రాంతి సెలవుల్లో ఉదయగిరి దుర్గం ఎక్కి పొద్దు పొడవడం చూడాలని మా ఇంట్లో ఒకటే పట్టు. మొదలుపెట్టింది మా అమ్మాయి, ఎనిమిదో తరగతి. కృష్ణదేవరాయలు ఏడాదిన్నర ముట్టడి వేసిన కోట మన జిల్లాలోనే ఉంటే ఇన్నాళ్లూ ఎందుకు చూపించలేదని నన్ను నిలదీసింది. మా ఆయన సరేనన్నారు. ఇక మా నాయన. ఆయనకు 66 ఏళ్లు. "నన్ను వదిలి పోతే ఊరుకోను" అంటున్నాడు.

ఒక ట్రెక్కింగ్ గ్రూపు వాళ్లు రాత్రి ఒంటిగంటకు నెల్లూరులో టెంపో ట్రావెలర్ ఎక్కించుకుని, నాలుగింటికి కొండెక్కడం మొదలుపెట్టించి, శిఖరం మీద సూర్యోదయం చూపించి మధ్యాహ్నానికి దించుతామంటున్నారు. మనిషికి 1,200 రూపాయలు, టిఫిన్ వాళ్లదే. 30 మందికి ఇద్దరు గైడ్లు ఉంటారట.

చీకట్లో కొండెక్కడం పిల్లతో క్షేమమేనా? ఇద్దరు గైడ్లు సరిపోతారా? మా నాయన బీపీ మాత్ర వేసుకుంటాడు. రోజూ పొద్దున గ్రౌండులో నడుస్తాడు, కానీ మేడ మెట్లు దిగేటప్పుడు మోకాలు పట్టుకుంటాడు. ఆయన్ని తీసుకెళ్లొచ్చా? ఆ కొండ తెలిసినవాళ్లు దయచేసి వివరంగా చెప్పండి. "ఏం కాదు, పోండి" అంటే నాకు చాలదు.

ఒంగోలు బైకర్:

అక్కా, గైడ్ అవసరం లేదు. మేం ఫ్రెండ్స్ అందరం బైకుల మీద పోయాం. ఫోన్లో మ్యాప్ ముందే దించుకున్నాం. పాత రాతిమెట్లు చాలాచోట్ల కనిపిస్తూనే ఉంటాయి, వాటిని పట్టుకుని పోతే చాలు. పైనుంచి ఊరు, చేలు, చెరువులు అన్నీ కనిపిస్తాయి, చాలా బాగుంటుంది. ఆ 1,200 పెట్టి బండికి పెట్రోలు కొట్టించుకోవచ్చు. అయితే మేం ఎక్కింది పట్టపగలు. చీకట్లో సంగతి ఆ ఊరివాళ్లే చెప్పాలి.

దుర్గం కింద ఇల్లు:

అమ్మా, మాది ఉదయగిరే. మా నాయన చెక్క గరిటెలు చెక్కేవాడు. ఆయన కర్ర కోసం కొండకు పోతుంటే వెనకాలే పోయి ఆ దారులు నేర్చుకున్నాను. ఇప్పుడు నా పని వేరు. చలికాలంలో తెలిసినవాళ్లు ఎవరైనా వస్తే దారి చూపించడానికి వెంట పోతుంటాను. ఈ విషయం మీద నాకు గట్టి అభిప్రాయాలున్నాయి కాబట్టి కొంచెం పొడుగ్గానే రాస్తాను.

ముందుగా ఒక మాట. శిఖరం మీదే సూర్యోదయం చూడాలన్న పట్టు వదిలేయండి. దుర్గం ఎత్తు సముద్రమట్టం నుంచి 3,079 అడుగులు. ఊరు కొండకు తూర్పు పక్కన ఉంది. కాబట్టి సగం ఎక్కి, ఊరివైపు తిరిగిన పాత కోటగోడ దగ్గర కూర్చున్నా తూర్పంతా తెరుచుకుని కనిపిస్తుంది. జనవరి మధ్యలో ఇక్కడ పొద్దు పొడిచేది 6.40 ప్రాంతంలో. ఆరుంపావు దాటేసరికే కాలికింద రాయి కనిపించేంత వెలుగు వస్తుంది. శిఖరం మీద చూడాలంటే దారి మొత్తం చీకట్లోనే నడవాలి. గోడ దాకా చాలనుకుంటే ఐదింటికి బయలుదేరినా సరిపోతుంది, మిగతా ఎక్కుడంతా వెలుగులో ఎక్కొచ్చు. నేను ఎవరితో పోయినా ఇదే పద్ధతి. దీనికి ఒప్పుకోనివాళ్లతో నేను పోను.

చీకటి గురించి ఇంతగా ఎందుకు చెబుతున్నానంటే, ఈ కొండ మీద పాత కట్టడాల చుట్టుపక్కల గుప్తనిధుల కోసం ఎవరెవరో తవ్విపోయిన గుంతలున్నాయి. వాటి మీద గడ్డి పెరిగి మూసుకుపోతుంది. పగలైతే గడ్డి రంగు తేడా చూసి పక్కకు తప్పుకుంటాం. టార్చి వెలుగులో అంతా ఒకే రంగు. తమ్ముడు చెప్పిన ఫోన్ మ్యాప్‌లో దారి ఉంటుంది గానీ ఈ గుంతలుండవు. రెండోది మంచు. మనకు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి కదా, ఆ తడికి రాతిమెట్ల మీద పాచి పట్టి సంక్రాంతి దాకా ఆరదు. దాని మీద తెల్లవారుజామున మంచు పడితే మెట్టు నూనె పూసినట్టు జారుతుంది. ఎండుగడ్డి కూడా అంతే, చూడ్డానికి పొడిగా కనిపిస్తుంది, కాలు పెడితే నిలవదు.

మూడోది ఎలుగుబంటి. భయపెట్టడానికి చెప్పడం లేదు, ఇది అడవి, అవి ఉండే చోటు. చలికాలంలో రేగిపళ్లు పండుతాయి, వాటికోసం అవి కంపల్లో తిరుగుతాయి. తిరిగేది ఎక్కువగా రాత్రిళ్లు, పొద్దు పొడిచే ముందు. మనిషి అలికిడి దూరం నుంచే వినబడితే అదే తప్పుకుంటుంది. మలుపులో హఠాత్తుగా ఎదురుపడితేనే మీద పడుతుంది. అందుకే నేను ముందు నడుస్తూ కర్రతో బండల మీద కొడుతుంటాను, మాట్లాడుతూనే ఉంటాను. పిల్లలుంటే ఎక్కాలు చెప్పమంటాను. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని నడిస్తే మాత్రం ఒప్పుకోను.

ఇక గైడ్ల లెక్క. ముందు నడిచేవాడు దారి చూస్తాడు. వెనక నడిచేవాడు మనుషుల్ని చూస్తాడు, వాడే నా దృష్టిలో అసలు గైడ్. చివరి మనిషి కంటే ముందుకు వాడు ఎప్పుడూ పోకూడదు. 30 మంది ఒకే వరసలో నడిస్తే మొదటివాళ్లు మలుపు తిరిగి కనబడకుండా పోయాక కూడా చివరివాళ్లు ఇంకా కిందే ఉంటారు. మధ్యలో ఎవరైనా చెప్పు తెగి ఆగిపోతే ఇద్దరిలో ఎవరికీ తెలియదు. పదిమందికి ఇద్దరైతే సరే. 30 మందికి ఇద్దరంటే నా ఇంటి పిల్లనైతే పంపను.

దారి చూపే మనిషికి పని తెలుసో లేదో మొదటి పది నిమిషాల్లోనే తెలిసిపోతుంది, అతని టార్చి గమనించండి. తెలిసినవాడు వెలుగును దూరంగా కొట్టడు. తన మడమల దగ్గర, కొంచెం వెనక్కి పడేలా పట్టుకుంటాడు. అప్పుడు వెనకున్న మనిషికి తాను ఏ రాయి మీద కాలు పెట్టాడో కనిపిస్తుంది. కదిలే రాయి ఉంటే దాని మీద కర్రతో రెండుసార్లు కొట్టి "ఇది వద్దు" అంటాడు, ఆ మాట ఒకరి నుంచి ఒకరికి చివరి మనిషి దాకా పోవాలి. ఎవరి ముఖం మీదా వెలుగు వేయడు. కళ్లు చీకటికి బాగా అలవాటు పడటానికి 20, 30 నిమిషాలు పడుతుంది. మధ్యలో ఎవరైనా ఫోన్ తెరిచి చూస్తే ఆ అలవాటు పోతుంది, మళ్లీ మొదటి నుంచే.

ఆ గ్రూపువాళ్లను ఈ నాలుగు మాటలూ అడగండి. ఉదయగిరి మనిషి ఎవరైనా వెంట వస్తున్నారా? ఫారెస్టు వాళ్ల అనుమతి తీసుకున్నారా? సగం దారిలో ఒకరికి బాగాలేకపోతే వాళ్లతో ఎవరు దిగుతారు? ముందురోజు వాన పడితే ట్రిప్పు ఆపి డబ్బు తిరిగి ఇస్తారా? చివరిదానికి తడుముకున్నారంటే వాళ్లతో పోవద్దు. వాన పడినా కొండెక్కించే గైడ్ మనకు పనికిరాడు.

ఇంకో విషయం, రాత్రి ఒంటిగంటకు బయలుదేరడం. నెల్లూరు నుంచి ఆత్మకూరు మీదుగా ఇక్కడికి దాదాపు 100 కిలోమీటర్లు. ఆ వేళలో నిద్రమత్తు డ్రైవరుకూ ఉంటుంది, మీకూ ఉంటుంది. నిద్రలేని కాళ్లతో కొండ దిగడం ఎంత కష్టమో ఎక్కేటప్పుడు తెలియదు. ముందురోజు సాయంత్రమే ఆర్టీసీ బస్సులో వచ్చి ఉదయగిరిలోనే పడుకోండి. పెందలాడే అన్నం తిని ఎనిమిదింటికల్లా నడుం వాల్చితే నాలుగున్నరకు లేవడం ఏమంత కష్టం కాదు.

పొద్దు పొడిచేటప్పుడు ఏం చూడాలో కూడా చెబుతాను. ఐదింటికి తల ఎత్తితే ఉత్తరాన సప్తర్షి మండలం పైకి వచ్చి ఉంటుంది, ఆగ్నేయాన వృశ్చికం లేస్తుంటుంది. మీ పాపకు చూపించండి, నెల్లూరు వీధి దీపాల్లో ఇంత స్పష్టంగా కనిపించవు. తర్వాత కింద ఊళ్లో దీపాలు ఒక్కోటీ ఆరిపోతాయి. చేల మీద, చెరువుల మీద మంచు తెరలాగా పరుచుకుని ఉంటుంది. అందులోంచి ముందు పెద్ద చెట్లు, తర్వాత ఇళ్లు బయటపడతాయి. జనవరిలో సూర్యుడు సరిగ్గా తూర్పున రాడు, కొంచెం దక్షిణానికి జరిగి వస్తాడు, అంటే కాస్త నెల్లూరు వైపుగా. ఫొటో తీసేవాళ్లు ముందే ఆ పక్కకు తిరిగి కూర్చోవాలి.

ఎక్కువమంది చేసే పని, సూర్యుడు పైకి వచ్చిన ఐదు నిమిషాలకు సెల్ఫీలు అయిపోగానే దిగడం మొదలుపెడతారు. నాకు బాధనిపించేది అక్కడే. ఇంత కష్టపడి వచ్చి కోట చూడకుండా పోతారా? ఇది ఒకప్పుడు 13 కోటల సముదాయం, ఎనిమిది కొండ మీద, ఐదు కింద. 1513లో రాయలవారు వచ్చి ముట్టడి వేస్తే అప్పుడు కోటను ఏలుతున్న ఒడిశా గజపతుల సేన 1514 దాకా నిలిచింది. రాయలవారి సైనికులు పైకి రావడానికి బండలు పగలగొట్టి దారులు చేసుకున్నారని పోర్చుగీసు వర్తకుడు న్యూనిజ్ రాశాడు. గెలిచాక ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపికి తీసుకెళ్లి, దానికోసం 1515లో గుడి కట్టించి ప్రతిష్ఠించారు. ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. పైన మసీదులు కూడా ఉన్నాయి, నవాబుల కాలం దాకా ఈ కోట వాడుకలో ఉంది. మీ పాప అడిగింది ఇదే కదా. ఎండలో ఆ గోడ మీద చెయ్యి వేసి, ఏడాదిన్నర వీళ్లు ఎట్లా నిలబడ్డారో కిందికి చూస్తే ఆమెకే అర్థమవుతుంది. కొండ అంచులు ఎంత నిలువుగా ఉన్నాయో చూశాక ఇంక ఏ పాఠమూ అక్కర్లేదు.

తొమ్మిదింటికి దిగడం మొదలుపెట్టండి. దెబ్బలు తగిలేది దిగేటప్పుడే. అడ్డంగా తిరిగి, చిన్న అడుగులు వేస్తూ, కర్ర ముందు మెట్టు మీద ఆనించి దిగాలి. రెండ్రోజుల ముందు కాలిగోళ్లు కత్తిరించుకోండి, లేకపోతే దిగుడులో బూటు ముక్కుకు తగిలి వేలు నల్లబడుతుంది. ఆ రోజుకోసం కొత్త బూట్లు కొనొద్దు. మనిషికి రెండు లీటర్ల నీళ్లు. కోటలోని కోనేట్లో నీళ్లు కనిపించినా తాగొద్దు. బండ చరియలకు తేనెపట్లు ఉంటాయి, సెంటు పూసుకోవద్దు, పొగ పెట్టొద్దు, డ్రోన్ ఎగరేయొద్దు. ఎండుగడ్డికి నిప్పు అంటుకుంటే కొండంతా పోతుంది. బీడీ కాల్చేవాళ్లను నేను ఊళ్లోనే ఆపేస్తాను.

కావలి కోడలు:

టీచర్ గారూ, ఆడవాళ్ల సంగతి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తున్నాను. మేం వింజమూరు మీదుగా వెళ్లాం, మా వదినా నేనూ పిల్లలూ. బాత్రూమ్ ఊళ్లోనే, పైన ఏమీ లేదు. దానికి భయపడి నీళ్లు తాగకుండా ఎక్కేవాళ్లున్నారు, మా వదిన అదే చేసి దిగేటప్పుడు కళ్లు తిరిగి కూర్చుండిపోయింది. ఓఆర్‌ఎస్ కలిపి గుక్క గుక్కగా తాగించి గంట సేపు నీడలో కూర్చోబెట్టాక తేరుకుంది. నీళ్లు తాగండి. పైన అవసరం పడితే ఇద్దరు చున్నీ అడ్డం పట్టుకుంటే అయిపోతుంది, ఒంటరిగా మాత్రం కంపల చాటుకు పోవద్దు. కాగితం, ప్యాడ్ ఏదైనా జిప్ కవర్లో వేసుకుని కిందికే తెచ్చేయాలి. పాపకు పీరియడ్ డేట్ దగ్గరుంటే ఒక జత బట్టలు అదనంగా పెట్టుకోండి, చెప్పడానికి మొహమాటపడుతుంది గానీ ఆ టెన్షన్‌తో నడవలేదు.

చుడీదారైతే చున్నీ నడుముకు గట్టిగా కట్టేయండి, వేలాడితే ముళ్లకు పట్టుకుంటుంది. ఎక్కేసరికి ఒళ్లంతా చెమట, కూర్చోగానే గాలికి వణుకు. కింద 20 డిగ్రీలుంటే పైన 15 దాకా పడిపోతుంది. పొడి టీషర్టు ఒకటి బ్యాగులో పెట్టి, పైకి వెళ్లాక మార్చుకుంటే జలుబు చేయదు. మేం ఊరివాళ్లనే గైడ్‌గా పెట్టుకున్నాం. ఆయన ప్రతి మలుపులో ఆగి మమ్మల్ని పేర్లు పెట్టి పిలిచి లెక్క చూసుకునేవాడు. ఆ పిలుపు వల్లే పిల్లలకు భయం పోయింది.

దర్గామిట్ట టీచర్:

మీ అందరికీ చాలా చాలా థ్యాంక్స్. అన్నా, మీరు రాసింది మా ఇంట్లో అందరికీ చదివి వినిపించాను. గ్రూపువాళ్లకు ఫోన్ చేసి ఆ నాలుగు ప్రశ్నలూ అడిగాను. వాన పడితే తేదీ మారుస్తామన్నారు, డబ్బు మాత్రం ఇవ్వరట. ఉదయగిరి మనిషి ఎవరూ లేరట, నెల్లూరు కుర్రాళ్లేనట. ఫారెస్టు అనుమతి మాట ఎత్తితే "అవన్నీ మేం చూసుకుంటాం మేడం" అన్నారు. మేం వాళ్లతో పోవడం లేదు.

ఇప్పుడు సమస్య మా నాయనే. "సగం దాకానే అయితే నేనెందుకు రాలేను" అని ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. ఒప్పుకోవాలా, వద్దా?

పెన్న ఒడ్డు:

అమ్మా, మీ నాయనకు ముందు నరసింహకొండ చూపించండి. నెల్లూరుకు 15 కిలోమీటర్లే కదా. ఘాట్ రోడ్డు ఉంది, కారులో పైదాకా పోవచ్చు. గుడి ప్రాంగణం దగ్గర నిలబడితే కింద పెన్న ఇసుక, ఆవలి ఒడ్డున జొన్నవాడ, తూర్పున దూరంగా నెల్లూరు కనిపిస్తాయి. సిటీ మీద సూర్యోదయం చూడాలంటే నా లెక్కలో ఇదే మంచి చోటు. ఉదయగిరిలో కింద చిన్న ఊరు కనిపిస్తుంది, ఇక్కడ మన నగరమే కనిపిస్తుంది. వేదగిరి నరసింహస్వామి దర్శనం కూడా అయిపోతుంది. పైన సప్తర్షుల పేరుతో చెప్పుకునే ఏడు కోనేర్లు ఉన్నాయి, పెద్దాయన వాటి చుట్టూ మెల్లగా తిరగొచ్చు.

దుర్గం కింద ఇల్లు:

పెన్న ఒడ్డు అన్న చెప్పింది బాగుంది. దానికే ఇంకొకటి కలుపుతాను. నరసింహకొండకు మెట్లదారి కూడా ఉంది. నాయన్ని పోయేటప్పుడు కారులో తీసుకెళ్లి, వచ్చేటప్పుడు మెట్ల మీద కర్ర పట్టుకుని దిగమనండి. మర్నాడు పొద్దున మోకాలు ఎట్లా ఉందో చూడండి. వాపు లేకుండా మామూలుగా లేచి నడిస్తే, బీపీ చూసే డాక్టరును ఒకసారి అడిగి, దుర్గంలో గోడ దాకా తీసుకురండి. ఆయన పక్కన నేను గానీ, నేను చెప్పిన మనిషి గానీ ఒకరు విడిగా నడవాలి, మీ ఆయన కాదు. ఇంటివాళ్లు పక్కనుంటే పెద్దవాళ్లు నొప్పి బయటకు చెప్పరు, కొత్తవాళ్లకు చెబుతారు. ఛాతీలో బరువుగా ఉందన్నా, మాట్లాడేటప్పుడు ఊపిరి తెగుతున్నా అక్కడే కూర్చోబెట్టి, దించేయడమే.

వాపు వస్తే మాత్రం కొండ వద్దు. అప్పుడు ఆయన కింద రంగనాయకుల గుడి చూడొచ్చు. పాడుబడిన గుడే, కానీ గోపురం నీడలో స్తంభాల మీద శిల్పం చూస్తూ కూర్చుంటే రెండు గంటలు ఇట్టే గడిచిపోతాయి. దిగి వచ్చాక మీరూ అక్కడే కలుసుకుని, గరిటెలు చెక్కే ఇళ్ల వైపు ఒకసారి పోండి. మిషను మీద చేసినవి కావు, కొనేటప్పుడు అంచు మీద వేలు ఆనించి చూడండి, నునుపు తెలుస్తుంది. బేరం మరీ పిండొద్దమ్మా, ఒక్కో గరిటె వెనక ఎంత పనుందో మా ఇంట్లో చూసిన వాణ్ణి.

ఫారెస్టు రేంజ్ ఆఫీసులో అనుమతి మాత్రం భోగికి వారం ముందే అడగండి. పండగ మూడు రోజులూ ఆఫీసులో ఎవరూ దొరకరు. పేర్లు, వయసులు, ఆధార్ కాపీలు, ఎన్నింటికి ఎక్కుతారు, ఎన్నింటికి దిగుతారు, ఇవన్నీ ఒక కాగితం మీద రాసి తీసుకురండి. అదే కాగితం ఇంకో కాపీ పోలీసు స్టేషన్లో ఇచ్చి వద్దాం.